రెండూ ఆనితేనే గురి

(కువైట్‌లోని అబూ హలీఫా నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఒకరు మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్, బతుకుతున్నది సాఫ్ట్‌వేర్ మీద. అబూ హలీఫాలో మా పక్క ఫ్లాట్‌లో రాజంపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉంటారు. వాల్వులు బాగుచేసే ఫిట్టర్. నాకిచ్చిన ఈ పది నిమిషాలూ ఆయన పని గురించే మాట్లాడతాను. మొదలుపెట్టడం మాత్రం రైఫిల్‌తో. కంగారు పడకండి, ఇక్కడ పేల్చేదేమీ లేదు.

కాలేజీ రోజుల్లో ఎన్.సి.సి. క్యాంపులో మాకు పాత త్రీ నాట్ త్రీ రైఫిళ్లు ఇచ్చేవారు. ఓసారి తుడవడానికి బోల్టులన్నీ ఊడదీసి గోనెపట్టా మీద కుప్ప పోశాం. హవల్దారు గారు వచ్చి అందరికీ చివాట్లు పెట్టారు. "ఏ బోల్టు ఆ రైఫిల్‌కే!" అంటూ బోల్టు మీదా, రైఫిల్ బాడీ మీదా ఉన్న నంబర్లు చూపించారు. రెండు చోట్లా ఒకటే నంబరు. ఎందుకండీ అని అడిగితే ఎండలో అయిదు రౌండ్లు పరుగెత్తించారు. జవాబు మాత్రం ఇరవై ఏళ్లు పోయాక అబూ హలీఫాలో దొరికింది.

తూటా పేలినప్పుడు దాని వెనుక భాగం బోల్టును బలంగా వెనక్కి నెడుతుంది. ఆ దెబ్బ కాచుకునేవి బోల్టుకున్న లగ్గులు, అంటే బాడీలోని గాడుల్లో తిరిగి పట్టుకునే ఉక్కు చెవులు. త్రీ నాట్ త్రీకి ఇవి బోల్టు వెనుక వైపున, మౌజర్ రకానికి ముందు వైపున ఉంటాయి. రెండు లగ్గులూ సమంగా ఆనితే దెబ్బ చెరిసగం పంచుకుంటాయి. ఒకటే ఆనితే బోల్టు ఆ క్షణంలో వెంట్రుకవాసి పక్కకు ఒరుగుతుంది, గురి చెదురుతుంది. కంటికి రెండూ ఆనినట్టే కనబడతాయి. అందుకే లగ్గుల మీద నీలి రంగు పల్చగా పూసి, బోల్టు మూసి తీసి, రంగు ఎక్కడ చెరిగిందో చూస్తారు. ఎత్తుగా ఉన్నచోట సన్నని రాపిడి ముద్దతో కాస్త కాస్త రుద్దుతారు. ఎక్కువ రుద్దితే పైనున్న గట్టి పొర పోతుంది, తూటా వెనుక ఖాళీ పెరిగి ప్రాణానికే ముప్పు. కనుక అది లైసెన్సున్న ఆర్మరర్ చేతిలోనే జరగాల్సిన పని. అలా ఒక బాడీకి సరిపోయేలా కుదిర్చిన బోల్టు ఇంకో బాడీలో సరిగా ఆనుతుందన్న నమ్మకం లేదు. హవల్దారు గారి చివాట్లకు అర్థం అదీ.

ఈ నీలి రంగు విద్యకు పెద్ద పేరు తెచ్చినవాడు ఇంగ్లండుకు చెందిన జోసెఫ్ విట్‌వర్త్. 1840లో గ్లాస్గోలో జరిగిన శాస్త్రజ్ఞుల సభలో ఆయన చదునైన పలకలు చేసే పద్ధతి వివరించాడు. రెండు పలకలను ఒకదానికొకటి సరిచేస్తే చాలదు. ఒకటి ఉబ్బుగా, రెండోది గుంటగా ఉన్నా చక్కగా అతుక్కుంటాయి. మూడో పలక తెచ్చి మూడింటినీ మార్చి మార్చి సరిచూస్తేనే తప్పు బయటపడుతుంది. ఆ విట్‌వర్తే తర్వాత రైఫిళ్లు చేశాడు. 1860లో వింబుల్డన్ పోటీల ప్రారంభంలో విక్టోరియా రాణి స్టాండు మీద బిగించిన విట్‌వర్త్ రైఫిల్‌ను పేలిస్తే, 400 గజాల దూరాన గుండు నడిబొడ్డుకు అంగుళంపావు దూరంలో తగిలింది. ఆ రైఫిల్‌కు బోల్టు లేదు కానీ గురి వెనుక ఉన్న క్రమశిక్షణ ఇదే.

ఇక మా ఊరికి వస్తాను. అబూ హలీఫా నుంచి సముద్రం పక్కనే దక్షిణంగా వెళితే మంగాఫ్, ఫహాహీల్, ఆ తర్వాత షుఐబా, మీనా అబ్దుల్లా. కువైట్ మొదటి చమురు ఓడ 1946లో బయల్దేరింది ఈ తీరం నుంచే. ఇక్కడి పైపుల్లో గేట్ వాల్వులు లెక్కలేనన్ని. వాటి లోపల దిగే ఉక్కు చీలికకు రెండు ముఖాలు. రెండూ తమ తమ పీటల మీద చుట్టూ తెగకుండా ఆనాలి. రైఫిల్ లగ్గులకూ దీనికీ లెక్క ఒకటే. పరీక్షకు వాడేదీ ఆ నీలి రంగే.

కొన్నేళ్ల క్రితం ఒక వర్క్‌షాపుకు నేను ప్రోగ్రాం రాసిచ్చాను. ఫిట్టర్లు నింపే కాగితాల్లో రంగు ఎక్కడ అంటిందో బొమ్మ గీసే గడి ఉండేది. దండగ అనుకుని తీసేసి, 'సరే', 'కాదు' అని రెండు బటన్లు పెట్టాను. నెల తిరక్కుండానే 'సరే' అని నొక్కిన వాల్వు ఒకటి ప్రెషర్ పరీక్షలో నీళ్లు కార్చింది. అది పరీక్ష బల్ల కాబట్టి సరిపోయింది. అదే నిప్పంటుకునే సరుకు పారే పైపైతే? ఆ సాయంత్రం మా పెద్దాయన తన చిన్న నోటుబుక్ తెరిచి చూపించారు. ప్రతి వాల్వుకూ ఒక గుండ్రం, గడియారంలాగా. ఈ వాల్వుకు నాలుగు నుంచి ఆరు దాకా ఖాళీ. "నున్నగుండాదని ఆనినట్టా సార్? యాడ ఆనిందో అడగల్ల" అన్నారు. నా ప్రోగ్రామూ, నా టెస్టింగూ ఒకదానికొకటి బ్రహ్మాండంగా అతుక్కున్నాయి. రెండూ వంకరే. మూడో పలక ఆయన నోటుబుక్కు. మర్నాడే ఆ గడి మళ్లీ పెట్టాను.

ఇక్కడ నా మనసులో ముల్లులా ఉన్న మాట చెప్పాలి. ఆయన ఐ.టి.ఐ. చదవలేదు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆకురాయి, స్క్రేపరు పట్టిన ఆ చేతులకు కాగితం మీద ఉన్న పేరు 'హెల్పర్'. వచ్చే ఏడు ఊరికి వెళ్లిపోతున్నారు. అక్కడ ఏ వర్క్‌షాపుకు వెళ్లినా ఆ కాగితమే ముందు మాట్లాడుతుంది. మన దేశంలో 2015లో వచ్చిన కౌశల్ వికాస్ యోజన కింద, పని చేస్తూ నేర్చుకున్నవారిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు చేశారు. ఆ ఫారం నింపడానికి కంప్యూటరు తెలిసినవాడు పక్కన కూర్చోవాలి. ఆ పని మనకు చేతకాదా?

ఇలాంటి సభల్లో డాక్టర్లం, ఇంజనీర్లం ఒకరికొకరం బాగానే అతుక్కుంటాం. ఫిట్టరన్న, వెల్డరన్న ఎదుట నిలిస్తేనే మనం ఎంత చదునో తెలుస్తుంది. ఈ సభ నుంచి వెళ్లాక మీ ఊళ్లో అలాంటి ఒక్కరి పక్కన ఒక్క సాయంత్రం కూర్చోండి. ఆయన పని పేరు సరిగా రాయించండి. వీలైతే ఆయన నోటుబుక్కు కూడా అడిగి చూడండి.