కార్డు కట్టని ఖర్చు

ఈరోజు షుగర్ గురించి మాట్లాడుకుందాం. "మాకింకా పాతికేళ్లే కదా, మాకెందుకు" అని స్క్రోల్ చేసేయకండి, ఇందులో మీ జీతం మాట కూడా ఉంది.

మాది అనంతపురం జిల్లా కుందుర్పి. వానల్లేక శెనక్కాయ చేను బీడు పెట్టాక మా నాయన చిన్న అంగడి పెట్టుకున్నాడు. పొద్దున్నించి రాత్రి దాకా కూర్చునే పని. తిండి మాత్రం చేన్లో కష్టపడినప్పటి తిండే. పైగా రోజుకు ఆరేడు టీలు, బీడీలు. కొన్నేళ్లకు షుగర్ అన్నారు, మాత్రలిచ్చారు. ఒంట్లో బాగానే ఉంది కదా అని ఆయనే మానేశాడు.

షుగర్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే కాళ్లలో నరాలు మొద్దుబారతాయి, రక్తం సరిగా అందదు. బీడీ దాన్నింకా పెంచుతుంది. నాయనకు బొటనవేలి కింద తుమ్మముల్లు దిగింది. ఆయనకు తెలియనే లేదు! చీము పట్టి వాసనొచ్చాక అమ్మ చూసింది. చివరికి వేలు తీసేశారు.

ఆపరేషన్ కార్డు మీదే అయింది. 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న ఆ పథకం లేకుంటే చేను అమ్ముకునేవాళ్లం. కానీ కార్డు కట్టనివి ఉంటాయి కదా. కట్లు మార్పించడానికి అనంతపురానికి తిరిగిన ఛార్జీలు, తోడున్న అమ్మ భోజనాలు, మూసిన అంగడి, బెంగళూరులో నాకు కోసిన జీతం. రాసి కూడితే 46 వేలు తేలింది. వడ్డీతో ఏడాదిన్నర కట్టాం. నాయన మానేసిన మాత్రలేమో ఊరికొచ్చే 104 బండిలో ఉచితంగా ఇస్తారు!

డబ్బు సరే, తీరింది. నాయన ఇప్పుడు పెళ్లిళ్లకు పోయినా, చెప్పులు విడవాల్సి వస్తుందని వాకిట్లోనే కూర్చుంటాడు.

ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో వచ్చింది. దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు, అంచున ఉన్నవాళ్లు 13.6 కోట్లు అని తేల్చింది. పరగడుపున 100 నుంచి 125 వస్తే అంచు, 126 లేదా అంతకు మించి వస్తే ఇంకోసారి చూసి షుగరేనని చెప్తారు. నాకు 27 ఏళ్లు. నాది కూడా కూర్చునే పనే, అర్ధరాత్రి బిర్యానీ ఆర్డర్లు. పోయిన నెల చూపిస్తే 112. డాక్టరు మాత్రలివ్వలేదు, రోజూ అరగంట నడవమన్నారు, బరువు తగ్గమన్నారు.

రోజూ రాత్రి నాయనకు వీడియో కాల్ చేస్తా. అరికాళ్లు కెమెరాకు చూపించమంటా. విసుక్కుంటూనే కాలెత్తుతాడు. "మడమ కనపడలేదు, ఫోన్ కిందికి దించు నాయనా" అంటే, "నా సంగతి సరేగానీ, ఈరోజు నడిస్తివా?" అంటాడు.