చీలమండ బెణుకు – నాలుగడుగుల పరీక్ష



గత వర్షాకాలమున మా యూరి చెరువు మెట్లపై జారిపడితిని. కుడి చీలమండ మెలిపడి చూచుచుండగనే బూరెవలె వాచెను. పిల్లలు నన్ను ఆటోలో పట్టణపు వైద్యశాలకు గొనిపోయిరి. అచ్చటి యువ వైద్యుడు చీలమండ చుట్టును వ్రేలితో నొక్కి చూచి, "మాస్టారూ, నాలుగడుగులు వేయగలరా?" యని యడిగెను. కుంటుచు వేసితిని. "ఎక్సురే అక్కరలేదండీ, బెణుకే" యనెను. ఇంత దూరము వచ్చి ఎక్సురే యైనను తీయించుకొనక మరలిపోవుటయా యని నాకు కోపము వచ్చిన మాట నిజము. అది గ్రహించి యాతడు వివరించెను.

కెనడా రాజధానియగు ఒట్టావాలో ఇయన్ స్టీల్ అను వైద్యుడును, ఆయన సహచరులును 1992లో ఈ నియమములను ప్రకటించిరి. అంతకు పూర్వము చీలమండ నొప్పితో వచ్చినవారి కించుమించుగా నందరకును ఎక్సురే తీయుచుండిరి. ఎముక విరిగినవారు మాత్రము నూటికి 15 మందికన్న తక్కువ.

చీలమండ కిరుప్రక్కల గుబ్బలు గలవు గదా. ఆ గుబ్బ కొనయందు గాని, వెనుక అంచు వెంబడి పైకి 6 సెంటీమీటర్ల మేర గాని, ఎముకపై నొక్కినపుడు నొప్పి కలిగినచో ఎక్సురే తీయవలెను. పాదము నడుమ నొప్పి యున్నచో రెండు తావులు నొక్కవలెను: చిటికెన వ్రేలి వైపు అంచు నడుమ పొడుచుకొనివచ్చిన ఎముక యొకటి, లోపలి వైపున, గుబ్బకు ముందు, పాదపు వంపు మీది ఎముక రెండవది. దెబ్బ తగిలిన వెంటనేయు, వైద్యశాలలోను గూడ నాలుగడుగులు వేయలేనివానికి ఎక్సురే తీయవలసినదే. కుంటినను అడుగు అడుగే. వాపు ఎంతయని ఈ నియమములు అడుగనే యడుగవు.

ఇది విని నేను వైద్యుడనైతి ననుకొంటిని. చిక్కంతయు నందే వచ్చినది.

నా బాల్యమిత్రునకు ఇరువదేండ్లుగా చక్కెరవ్యాధి. గడప దాటుచు పాదము మెలిపెట్టుకొనగా, నేనే నొక్కి చూచితిని. "నొప్పి లేదోయి" యనెను. నాలుగు కాదు, పది యడుగులు నడచెను. ఆసుపత్రి యక్కరలేదని నేనే చెప్పితిని. తొమ్మిది దినము లాతడు ఆ కాలితోనే పొలము తిరిగెను. పాదము ఎఱ్ఱబడి వేడెక్కిన పిమ్మట తీసిన ఎక్సురేలో నడిమి ఎముకలు విరిగియుండెను. ఆ వ్యాధివలన పాదమున స్పర్శ తగ్గినవారికి నొప్పియే తెలియదట. కావున వారికీ పరీక్ష చెల్లదు. త్రాగి మైకములో నున్నవారికిని, తలకు దెబ్బ తగిలి తెలివి తప్పినవారికిని, వేఱొక చోట పెద్ద గాయమై బాధపడువారికిని చెల్లదు. మొదటి పరిశోధనలో 18 ఏండ్లలోపు వారిని చేర్చనేలేదు. పాదము వంకరపోయినను, గాయములో ఎముక కనబడినను, నొక్కుచు కూర్చుండక వెంటనే వైద్యశాలకు పోవలెను.

నా మిత్రుడు మూడు నెలలు కట్టుతో నుండి, ఇప్పుడు చేతికఱ్ఱతో నడచుచున్నాడు. సాయంకాలము వాని యరుగుపైకి నేను పోయినపుడెల్ల, "ఏమోయి, నాలుగడుగులు వేయమందువా?" యని నవ్వును. నాకు మాట రాదు.