గంట కొట్టకముందే



పెద్ద విజయాల గురించి ఇప్పటికే చాలామంది మాట్లాడారు. నేను రెండు చిన్న సంగతులు చెప్పి కూర్చుంటాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన జిల్లాలో పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. వేల కరెంటు స్తంభాలు పడిపోయాయి. విద్యుత్ ఇంజనీరుగా ఒక బృందంతో నేనూ వెళ్ళాను. దారికడ్డంగా పడిన చెట్లు నరకాలి, గొయ్యి తవ్వాలి, స్తంభం నిలబెట్టాలి, తీగ లాగాలి. కరెంటు లేక మోటార్లు ఆగిపోయాయి. తాగునీళ్ళు ట్యాంకర్లలో రావలసిందే.

ఒక ఊళ్ళో జనం మమ్మల్ని గట్టిగానే నిలదీశారు. వాళ్ళ బాధ అలాంటిది. మధ్యాహ్నం ఒక ముసలమ్మ చెంబుతో నీళ్ళు, గిన్నెతో చోడి అంబలి తెచ్చింది. నేను ఆ నీళ్ళతో ముఖం కడిగేసుకున్నాను. మా లైన్‌మన్ నా దగ్గరకొచ్చి మెల్లగా అన్నాడు: "సార్, బిందెడు నీళ్ళకి ఈ అమ్మ పొద్దున్నుంచి ట్యాంకరు కాడ నిలబడింది." సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆమె మాత్రం, "పర్లేదు బాబూ, నీళ్ళు మళ్ళీ తెచ్చుకుంటాను. ముందు అంబలి తాగండి" అంది. ఆమె వెనక పెరట్లో కొబ్బరిచెట్లన్నీ పడి ఉన్నాయి.

ఆ రాత్రి నాకు మన బడి గంట గుర్తొచ్చింది. మాది గెడ్డ అవతలి ఊరు. వానాకాలం గెడ్డ పొంగితే చుట్టు తిరిగి నడిచి రావాలి. ఆలస్యమైతే బయట నిలబడాలి. కానీ అలాంటి రోజుల్లో మేం గేటు దాటాకే గంట మోగేది. మా అదృష్టం అనుకునేవాణ్ణి. గట్టు మీద మా గొడుగులు కనబడేదాకా అటెండరు గారు గంట కొట్టకుండా ఆగేవారట. అందుకు మాటలు కూడా పడ్డారట. చాలా ఏళ్ళ తర్వాత ఒక మాస్టారు చెబితే తెలిసింది. అప్పటికే ఆయన లేరు.

మనం 'చిన్న సాయం' అంటాం. పుచ్చుకునేవాడికి అది చిన్నగా కనబడుతుంది. చెంబుడు నీళ్ళు, రెండు నిమిషాలు. దానికి ఎంత ఖర్చయిందో ఇచ్చినవాళ్ళకే తెలుసు, వాళ్ళు చెప్పరు.

అప్పటినుంచి ఒక అలవాటు చేసుకున్నాను. కరెంటు లేదని ఎవరొచ్చినా ముందు కుర్చీ చూపిస్తాను. ఎప్పటికి వస్తుందో తెలిసినంతవరకు నిజం చెబుతాను. విసుగులో కొన్నిసార్లు మరిచిపోతాను కూడా.

ఒక్క మనవి. మీకు అలా సాయం చేసినవారు ఇవాళ ఈ ఆవరణలో కనబడితే, భోజనాలకు లేవకముందే వెళ్ళి ఆ మాట చెప్పండి. నాకు ఆలస్యమైపోయింది. మీకింకా గంట కొట్టలేదు.

సెలవు.