చక్కెర పరీక్షకు ముందు చెప్పవలసిన మాట



చింతామణిలో కీళ్లనొప్పులకు, బాగేపల్లిలో రక్తపోటుకు మందులు తీసుకొని, చిక్కబళ్ళాపురంలో చక్కెర పరీక్ష చేయించుకునేవారు ఉంటారు. ఈ మూడుచోట్ల సంగతులను ఒకచోట చేర్చగలది రోగి నోటిమాట ఒక్కటే. ఆ మాట చెప్పకపోతే పరీక్షలో వచ్చిన అంకెకు సరైన అర్థం తెలియదు.

కొన్ని మందులు చక్కెరను నిజంగానే పెంచుతాయి. ఉబ్బసానికీ, కీళ్లవాపుకూ ఇచ్చే ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లు వీటిలో ముఖ్యమైనవి. ఈ మాత్రను ఉదయం వేసుకునేవారికి పరగడుపున చక్కెర సరిగానే ఉండి, మధ్యాహ్నం తరువాత పెరగవచ్చు. అందుచేత పరగడుపు పరీక్ష ఒక్కటే చాలదు. రక్తపోటుకు వాడే థయజైడ్ మాత్రలు సైతం చక్కెరను కొంత పెంచగలవు.

మరికొన్ని మందుల వలన చక్కెర మారదు, అంకె మాత్రమే మారుతుంది. విటమిన్ సి అధిక మోతాదులో నరానికి ఎక్కించినప్పుడు, కొన్ని గ్లూకోమీటర్లు ఉన్నదానికంటె ఎక్కువ చూపుతాయి. ప్రయోగశాలలో రంగును బట్టి కొలిచే గ్లూకోజ్ ఆక్సిడేజ్, పెరాక్సిడేజ్ పద్ధతిలో అదే విటమిన్ వలన అంకె తగ్గవచ్చు. హెక్సోకైనేజ్ పద్ధతిపై దాని ప్రభావం చాలా తక్కువ. పారాసెటమాల్ కూడా కొన్ని మీటర్లలో, చర్మానికి అంటించే కొన్ని సెన్సార్లలో అంకెను మార్చగలదు. కుష్ఠువ్యాధికి ఇచ్చే డాప్సోన్ ఎర్రకణాల ఆయుష్షును తగ్గిస్తుంది. దానితో సుమారు మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ తక్కువగా కనిపిస్తుంది.

లేని చక్కెరకు ఇన్సులిన్ వేస్తే ప్రాణాపాయం. ఉదర డయాలిసిస్‌లో వాడే ఐకోడెక్స్‌ట్రిన్ వంటి ద్రావణాలను ఒక రకం మీటర్లు గ్లూకోజుగా లెక్కించిన సందర్భాలలో 13 మరణాలు నమోదయ్యాయని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2009లో హెచ్చరించింది.

ఈ భయంతో మందులను సొంతంగా మానరాదు. స్టెరాయిడ్లను ఒక్కసారిగా ఆపడం మరింత ప్రమాదకరం. పరీక్షకు వెళ్లేటప్పుడు వాడుతున్న మాత్రల అట్టలను, మందుల చీటీని వెంట తీసుకువెళ్లాలి. ఇటీవల వేయించుకున్న సూదులు, ఎక్కించుకున్న సెలైన్లు, నాటుమందులు, విటమిన్ మాత్రలు కూడా చెప్పాలి. చివరి మోతాదు ఎప్పుడు వేసుకున్నదీ తెలపాలి. వచ్చిన అంకెకూ ఒంటి తీరుకూ పొంతన లేకపోతే, ఇన్సులిన్ మోతాదు మార్చేలోగా నరం నుంచి రక్తం తీయించి మళ్లీ పరీక్ష చేయించమని వైద్యుని అడగవచ్చు. తెలుగులో చెప్పినా, కన్నడంలో చెప్పినా, ఆ సంగతి రక్తం తీయకముందే చెప్పడం అవసరం.