మేడలో దారికి కొన్ని ఫ్రెంచి మాటలు



యానాము 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో నుండెను. 1956 నాటి ఒప్పందము 1962లో అమలునకు రాగా, ఆరు మాసములలో వ్రాసి కోరినవారికి ఫ్రెంచి పౌరసత్వము నిలిచినది. అట్టి కుటుంబముల పెద్దలు బిడ్డలను చూడ ఆ దేశమునకు పోయి, భాష రాదను సంకోచముచే గది దాటి రాకుండుట మాకు విచారకరముగా నున్నది.

వ్యాకరణము పిమ్మట చూచుకొనవచ్చును. ముందు “బోంజూర్” అని పలుకరింపవలెను. అది లేక ప్రశ్నించుట అచట మర్యాద కాదు. తరువాత “లెస్కాల్యే, సిల్ వూ ప్లే?” అన్న చాలును, మెట్లెక్కడ నని యర్థము. లిఫ్టునకైన “లసాన్సర్” అనవలెను.

అడుగుట సులువే. చిక్కంతయు జవాబు వినుటలో నున్నది. “తూ ద్రువా” యనిన తిన్నగా పొమ్మని. “ఆ ద్రువాత్” అనిన కుడివైపునకు. మన తెలుగు మాటలు చాలవరకు అచ్చుతో ముగియును గనుక, ఆ కడపటి పొల్లు మన చెవికి జారిపోవును. కావున “తూ” యనిరా, “ఆ” యనిరా యని మొదటి ముక్కను పట్టుకొనుడు. ఎడమకు “ఆ గోష్”; ఇందు చిక్కు లేదు.

నేల అంతస్తు “రే ద్ షోసే”, దానిపైది “ప్రమ్యేరేతాజ్”. తలుపుమీద “పూసే” యనిన తోయుడు, “తిరే” యనిన లాగుడు. “సోర్తీ” బయటికి దారి.

వీనిని మన సంఘపు మెట్లమీదనే అభ్యసింతము. ఒకరు చాటున నిలిచి పలుకుదురు, రెండవవారు నడువవలెను. తప్పు దిక్కునకు తిరిగినవారు మరల క్రిందినుండి ఎక్కవలెను.