మా యింటి నడవా దీపము
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఫైళ్ళు తప్ప పనిముట్లు పట్టి యెరుగని గుమాస్తాను నేను. విద్యుద్దీపములను గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు కోరుట వారి స్నేహమే గాని నా యోగ్యత గాదు. ఇంటిలో ఒక్క దీపమును దానంతట నది వెలుగునట్లు చేసికొన్న కథను మాత్రము చెప్పగలను.

మా తల్లిగారికి డెబ్బదియారేండ్లు. రాత్రివేళ రెండు మారులైన లేచి నడవా దాటి పోవలెను. ఫోనుతో వెలిగించు బల్బు నొకదానిని కొని తెచ్చితిని. గోడ స్విచ్చి నెవరైన ఆర్పినచో బల్బునకు కరెంటే యుండదు గనుక దానిపై అట్టముక్క నంటించితిమి. ఒక రాత్రి ఇంటర్నెట్టు ఆగినది. దీపము వెలుగలేదు. ఆమె అట్టను తడిమి తడిమి, గడప తగిలి పడిరి. మణికట్టు వాచినది, దైవవశమున విరుగలేదు. "ఆముదపు దీపమైనా నా చేతికి అందేది కదరా!" అన్నారు.

ఆ మాటతో అట్ట తీసివేసి, వేరు మార్గము వెదకితిని. మేడమెట్లకు క్రింద నొకటి, పైన నొకటి స్విచ్చి యుండుట మీరెరుగుదురు. ఏది నొక్కినను దీపము వెలుగును, లేదా ఆరును. అందు ఒక స్విచ్చికి బదులు రిలేను పెట్టితిమి. దానిని నడుపునది 2014లో వెలువడిన ఈ.ఎస్.పి. 8266 అను చిప్పు. దానికి 3.3 వోల్టులు చాలును; మన గోడలలో నున్నది 230 వోల్టులు. ఆ పెద్ద వోల్టుల జోలికి నేను పోలేదు. మెయిన్ స్విచ్చి ఆపించి, లైసెన్సుగల ఎలక్ట్రీషియనుచే చేయించితిని. ప్రభుత్వ క్వార్టరగుటచే గోడ కొట్టక, వెలుపల పెట్టెలోనే అమర్చితిమి. మనిషి కదలికను దేహపు వేడిమిచే గుర్తించు సెన్సారు నొకదానిని తలుపుపై బిగించితిమి. కళాశాలలో చదువుచున్న మా అమ్మాయి ప్రోగ్రాము వ్రాసి చిప్పులోనే నిలిపినది. ఇంటర్నెట్టుతో దానికి పని లేదు.

మొదటి రాత్రియే నవ్వులపాలైతిమి. తల్లిగారు స్విచ్చి నొక్కగా దీపము వెలిగినది. రెండడుగులు వేయగానే ఆరినది! దీపము వెలుగుచున్నదో లేదో చిప్పునకు తెలియదు. కదలిక కనబడగానే రిలేను మార్చినది. అప్పుడు వెలుతురును గుర్తించు చిన్న సెన్సారు నొకదానిని తగిలించితిమి. చీకటియైననే వెలిగించవలెను; తాను వెలిగించినదానినే తాను ఆర్పవలెను; చేతితో వెలిగించిన దీపమును ముట్టరాదు. ఈ మూడు నియమములు కుదురుటకు మూడు ఆదివారములు పట్టినవి.

ఢిల్లీ చలికాలమున అది చక్కగా పనిచేయును. జూన్ మాసమున గోడలు సైతము దేహమంత వేడెక్కును గదా. అప్పుడు సెన్సారు మనిషిని పోల్చుకొనలేక మన్ను దిన్న పామువలె పడియుండును. తల్లిగారికి ఆ చింత లేదు. ఆమె నేటికిని స్విచ్చియే నొక్కుచున్నారు. మరచి నడచిన రాత్రులలో మాత్రము దీపము వెలుగుచున్నది. పడకగదిలో కూడ పెట్టుదునా యని యడిగితిని. ఇంకను బదులు చెప్పలేదు.