రీల్‌లో కనిపించని 13వ సెకను: స్టార్ ప్లేయర్‌ని ఏం అడగాలి?

ఇవాళ బాస్కెట్‌బాల్ గురించి మాట్లాడుకుందాం. ఎన్‌బీఏ మ్యాచ్‌లు మనకి తెల్లవారుజామున వస్తాయి కదా. అందుకే పూర్తి మ్యాచ్ చూసేవాళ్ళు తక్కువ, లేవగానే ఫోన్ పట్టుకుని రీల్స్ చూసేవాళ్ళు ఎక్కువ. రీల్‌లో ఏముంటుంది? ఇద్దరిని దాటాడు, బాల్ వేశాడు, పడింది, జనం అరిచారు. 12 సెకన్లలో అయిపోయింది. 13వ సెకనులో ఆ స్టార్ ఏం చేశాడన్నది మాత్రం మనకి ఎవరూ చూపించరు. ఇవాళ మన టాపిక్ ఆ 13వ సెకనే.

ప్రశ్న సింపుల్. ఒక 25 ఏళ్ళ కుర్రాడు మ్యాచ్‌కి 30 పాయింట్లు కొడుతున్నాడు. టీమ్ మొత్తం అతని మీదే నడుస్తోంది. అలాంటివాడిని పట్టుకుని "సరిపోదు, ఇంకా కష్టపడాలి, నువ్వు లీడర్‌వి" అనడం న్యాయమేనా? న్యాయమే అనుకుంటే, అసలు ఏం అడగాలి?

మన గల్లీ క్రికెట్‌లో ఒకడు ఉంటాడు, గుర్తుందా? బ్యాటింగ్ మనందరికంటే బాగా చేస్తాడు. ఫీల్డింగ్ వచ్చేసరికి "మా అమ్మ పిలుస్తోంది రా" అని ఇంటికి జారుకుంటాడు. వాడి టాలెంట్ మీద ఎవరికీ అనుమానం లేదు. కానీ కెప్టెన్ ఎవరు అన్నప్పుడు వాడి పేరు ఎవరూ చెప్పరు. ఎందుకో మనకి వివరించి చెప్పక్కర్లేదు.

బాస్కెట్‌బాల్‌లో ఇంటికి జారుకోవడం కుదరదు. కానీ కోర్టు మీద ఉంటూనే జారుకోవచ్చు. అదెలాగో చూడండి. ఎన్‌బీఏ కోర్టు పొడవు 94 అడుగులు. మన స్టార్ ఈ చివర బాల్ వేశాడు, పడలేదు. "నన్ను తోశాడు, ఫౌల్ ఇవ్వలేదేంటి" అని రెఫరీ వైపు చేతులు చాపి నిలబడ్డాడు. మహా అయితే మూడు సెకన్లు. ఆ మూడు సెకన్లలో అవతలివాళ్ళు ఐదుగురూ ఆ చివరికి వెళ్ళిపోయారు. మనవాళ్ళు అక్కడ నలుగురే. ఇప్పుడు ఒకడు తన మనిషిని వదిలేసి స్టార్ వదిలేసినవాడిని ఆపాలి. అతను వదిలేసినవాడి దగ్గరికి ఇంకొకడు పరిగెత్తాలి. చివరికి ఏదో ఒక మూల ఒక షూటర్ ఖాళీగా దొరుకుతాడు, హాయిగా మూడు పాయింట్లు వేసుకుంటాడు. టీవీలో ఎవరు కనిపిస్తారు? ఆ మూలకి ఆలస్యంగా చేరుకున్న మామూలు ప్లేయర్. తప్పు స్టార్‌ది, బిల్లు కట్టింది ఇంకొకడు. ఇది డ్రెస్సింగ్ రూమ్‌లో అందరికీ తెలుస్తుంది. బయటవాళ్ళకే తెలియదు.

ఇప్పుడు అసలు కథకి వద్దాం. లూకా డాన్చిచ్. స్లొవేనియా కుర్రాడు, 1999లో పుట్టాడు. 19 ఏళ్ళకే రియల్ మాడ్రిడ్‌తో యూరోలీగ్ ఎంవీపీ. 2018లో ఎన్‌బీఏకి, డాలస్ మావెరిక్స్‌కి వచ్చాడు. 2023-24 సీజన్‌లో మ్యాచ్‌కి సగటున 33.9 పాయింట్లతో లీగ్ మొత్తంలో టాప్ స్కోరర్. అదే ఏడాది తన టీమ్‌ని ఫైనల్స్‌కి తీసుకెళ్ళాడు. ఎదురుగా బోస్టన్ సెల్టిక్స్.

2024 జూన్ 12, మూడో మ్యాచ్. సిరీస్‌లో డాలస్ అప్పటికే 0-2 వెనకబడి ఉంది. నాలుగో క్వార్టర్ మొదట్లో 21 పాయింట్లు వెనక. అక్కడి నుంచి విరుచుకుపడి లేచారు, తేడా మూడు పాయింట్లకి వచ్చేసింది. సొంత స్టేడియం, జనం ఊగిపోతున్నారు. సరిగ్గా అప్పుడు, ఇంకా 4 నిమిషాల 12 సెకన్లు ఉండగా, డిఫెన్స్‌లో లూకాకి ఆరో ఫౌల్ పడింది. ఎన్‌బీఏలో ఆరు ఫౌల్స్ అయితే ఇక బెంచీ మీద కూర్చోవాల్సిందే. అతను లేకుండా తేడా ఒక్క పాయింట్‌కి తగ్గింది కానీ, చివరికి డాలస్ 106-99తో ఓడిపోయింది. సిరీస్ కూడా 4-1తో పోయింది.

ఆ రాత్రి విమర్శలు మామూలుగా రాలేదు. డిఫెన్స్ చెయ్యడు, అవతలి టీమ్ కావాలనే అతని మీదకే వస్తోంది, ఎప్పుడు చూసినా రెఫరీలతో గొడవే అన్నారు. నిజం చెప్పాలంటే, ఆ విమర్శలో పస ఉంది.

కానీ ఆగండి, రెండో వైపు కూడా చూడాలి. ఆ సీజన్‌లో లూకా 48 నిమిషాల మ్యాచ్‌లో సగటున 37 నిమిషాలకి పైగా ఆడాడు. 33.9 పాయింట్లతో పాటు 9కి పైగా రీబౌండ్లు, 9.8 అసిస్ట్‌లు. బాల్ తీసుకొచ్చేది అతనే, వేసేది అతనే, వేరేవాళ్ళకి అందించేదీ అతనే. ఫైనల్స్‌లో ఛాతీకి దెబ్బ, మోకాలి నొప్పి, అవన్నీ భరిస్తూనే ఆడాడు. ఇంత బరువు ఒక్కడి మీద పెట్టి, డిఫెన్స్‌లో కూడా పులిలా దూకాలంటే ఎలా? శరీరం ఒక్కటే కదా. ఇక్కడే చాలామంది "ఎఫర్ట్" అనే మాటని తేలిగ్గా విసిరేస్తారు. అలసిపోయినవాడికీ, బద్ధకంగా ఉన్నవాడికీ తేడా సోఫాలో కూర్చుని చూస్తే తెలియదు.

మరి డాలస్ ఏం చేసింది? 2025 ఫిబ్రవరి మొదట్లో, లూకా గాయంతో బయట ఉన్నప్పుడే, అర్ధరాత్రి అతన్ని లేకర్స్‌కి ట్రేడ్ చేసేసింది. బదులుగా ఆంథోనీ డేవిస్, మాక్స్ క్రిస్టీ, 2029 ఫస్ట్ రౌండ్ పిక్ తీసుకుంది. జనరల్ మేనేజర్ నికో హారిసన్ చెప్పిన కారణం: ఛాంపియన్‌షిప్‌లు గెలిపించేది డిఫెన్స్. లూకా బరువు, ఫిట్‌నెస్ గురించి కూడా మీడియాలో బోలెడు వార్తలు వచ్చాయి.

ఆ తర్వాత ఏమైంది? డేవిస్ డాలస్ తరఫున మొదటి మ్యాచ్‌లోనే గాయపడ్డాడు. మార్చిలో కైరీ ఇర్వింగ్ మోకాలు పోయింది. ఏడాది ముందు ఫైనల్స్ ఆడిన టీమ్ ప్లేఆఫ్స్‌కే రాలేదు. ఏప్రిల్ 9న లూకా లేకర్స్ జెర్సీలో డాలస్‌కి వచ్చాడు. తన వీడియో స్క్రీన్ మీద వేస్తే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, ఆ కన్నీళ్ళతోనే 45 పాయింట్లు కొట్టి వెళ్ళాడు. నవంబర్‌లో హారిసన్ ఉద్యోగమే పోయింది.

దీన్నిబట్టి "చూశారా, లూకా కరెక్ట్, డాలస్ తప్పు" అనుకుంటే సగమే అర్థమైనట్టు. డాలస్ అడిగింది తప్పు కాదు, డిఫెన్స్ కావాలి, ఫిట్‌నెస్ కావాలి. ఎఫర్ట్ అనేది నేర్పించి, పక్కనుండి రాబట్టాల్సిన విషయం. దాన్ని వాళ్ళు తీర్పులా వాడారు, తప్పు అక్కడ జరిగింది. అడగడం ఒక ఎత్తు, వదిలించుకోవడం ఇంకో ఎత్తు.

అడిగే పద్ధతి ఎలా ఉంటుందో శాన్ ఆంటోనియో స్పర్స్‌ని చూస్తే తెలుస్తుంది. టిమ్ డంకన్ 1997లో వచ్చాడు, మొత్తం 19 సీజన్లు, 5 టైటిల్స్, అన్నీ ఒకే కోచ్ కింద. ఆ కోచ్ గ్రెగ్ పొపోవిచ్ అందరి ముందూ డంకన్ మీదే అరిచేవారు. డంకన్ మాట్లాడకుండా వినేవాడు. అంత పెద్ద స్టార్ తిట్లు తిని తల ఊపి వెళ్ళి డిఫెన్స్ చేస్తుంటే, బెంచీలో పన్నెండోవాడు "నన్నెందుకు అన్నారు" అని అలగగలడా? పొపోవిచ్ కూడా ఆ మాటే చెప్పేవారు, డంకన్ నా మాట విన్నాడు కాబట్టే మిగతావాళ్ళు విన్నారని. లీడర్‌షిప్ అంటే స్పీచ్ ఇవ్వడం అనుకుంటాం. డంకన్ నోరు విప్పింది చాలా తక్కువ.

ఇప్పటి కుర్రాళ్ళలో చూడాలంటే షే గిల్జస్-అలెగ్జాండర్. ఓక్లహోమా సిటీ థండర్. 2024-25లో మ్యాచ్‌కి 32.7 పాయింట్లు, సీజన్ ఎంవీపీ, ఫైనల్స్ ఎంవీపీ, టైటిల్, అన్నీ 26 ఏళ్ళకే. కానీ ఆ టీమ్ 68 మ్యాచ్‌లు గెలిచింది లీగ్‌లో నంబర్ వన్ డిఫెన్స్‌తో. టాప్ స్కోరర్ వెనక్కి పరిగెడుతుంటే మిగతావాళ్ళు నడవలేరు కదా. మ్యాచ్ అయ్యాక ఆ టీమ్‌లో ఒక్కడు ఇంటర్వ్యూ ఇస్తుంటే, మిగతావాళ్ళంతా చుట్టూ చేరిపోతారు. చూడ్డానికి అల్లరిగా ఉంటుంది, కానీ మైక్ ఎవరి ముందున్నా గెలుపు అందరిదీ అని అందులో తెలిసిపోతుంది. ఇంకో సంగతి, షే మీద లూకా అంత బరువు లేదు. చుట్టూ బాల్ పట్టుకోగలిగేవాళ్ళు, డిఫెన్స్ చేసేవాళ్ళు ఉన్నారు. అంటే స్టార్ నుంచి ఎఫర్ట్ కావాలంటే, అతనికి ఊపిరి పీల్చుకునే టైమ్ ఇచ్చే టీమ్‌ని కట్టడం మేనేజ్‌మెంట్ బాధ్యత.

లూకా సంగతికి వస్తే, ట్రేడ్ తర్వాత వచ్చిన వేసవిలో తిండి, వర్కౌట్ మొత్తం మార్చుకుని సన్నబడి కనిపించాడు. లేకర్స్ అతనితో మూడేళ్ళకి 165 మిలియన్ డాలర్ల కాంట్రాక్ట్ పొడిగించుకుంది. అంటే "అతనింతే, మారడు" అని ముద్ర వేసినవాళ్ళు తొందరపడ్డారు. అలాగే "అతనికి ఏ లోపమూ లేదు" అన్న ఫ్యాన్స్ కూడా ఆలోచించుకోవాలి. లోపమే లేకపోతే మార్చుకోవాల్సిన పనేముంది?

నా లెక్కలో ఒక యంగ్ స్టార్‌ని మనం అడగాల్సింది 40 పాయింట్లు కాదు. షాట్ ఒకరోజు పడుతుంది, ఒకరోజు పడదు, అది ఎవరి చేతిలోనూ లేదు. షాట్ పోయాక, ఫౌల్ ఇవ్వకపోయినా, ఆ 94 అడుగులు వెనక్కి రావడం మాత్రం అతని చేతిలో ఉంది. అడగాల్సింది అదే. ఆ పరుగుకి ఎవరూ చప్పట్లు కొట్టరు, కానీ మిగతా నలుగురూ చూస్తుంటారు. వాళ్ళకి లీడర్ ఎవరో అక్కడే తేలిపోతుంది.

మీకో చిన్న పని. ఈసారి ఏదైనా ఎన్‌బీఏ మ్యాచ్ ఐదు నిమిషాలు పూర్తిగా చూడండి. బాల్‌ని వదిలేసి మీ ఫేవరెట్ ప్లేయర్‌నే చూడండి, ముఖ్యంగా షాట్ మిస్ అయిన తర్వాత. మూడుసార్లు చూస్తే చాలు, అతను ఎలాంటివాడో మీకే తెలుస్తుంది. ఆ ప్లేయర్ ఎవరో, మీకేం కనిపించిందో నాకు చెప్పండి. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.